స్విచ్ నొక్కితే దారి తప్పే తాబేళ్లు: జనం చేత్తో ఆడించే బల్ల తయారు చేయడం ఎలా

మన గుంటూరులోనూ విజయవాడలోనూ గోడల మీద పులి బొమ్మలకు కొదవ లేదు. కింద ఓ నినాదం, పక్కన ఓ చెట్టు. ఎవరూ ఆగరు. ఈమధ్య రెక్కల బొమ్మలు వచ్చాయి, మధ్యలో నిలబడి ఫొటో దిగితే మనకే రెక్కలు వచ్చినట్టు ఉంటుంది. దాన్ని ఇంటరాక్టివ్ ఆర్ట్ అంటున్నారు గానీ, నిలబడ్డ మనిషికి ఓ డీపీ దొరుకుతుంది, ఆ పక్షికి ఒరిగేదేమీ లేదు. దాని పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

నేను ఇలాంటివి రెండు మూడు చేసి, వాటిలో ఒకటి పూర్తిగా చెడగొట్టి, చివరికి ఒక్క సూత్రం పట్టుకున్నాను. చూసేవాడి చెయ్యి ఏ పని చేస్తుందో, ఆ జంతువుకు బయట జరుగుతున్నదీ అదే పని అయి ఉండాలి. బటన్ నొక్కితే ఏనుగు ఘీంకరించడం బొమ్మలాట. బటన్ నొక్కితే లైటు వెలగడం, ఆ లైటు వల్లే తాబేలు పిల్లలు సముద్రానికి వీపు చూపించి ఊరివైపు తిరగడం నిజంగా జరిగే సంగతి. సూర్యలంకలో, నిజాంపట్నం వైపు, అటు నాగాయలంక వైపు తీరంలో ఎక్కడ గుడ్లు పెట్టినా ఈ ప్రమాదం ఉంటుంది.

కింద రాసిందంతా ఆ తాబేళ్ల బల్ల గురించే: లీవరు లాగితే లైటు వెలిగి, చెక్క తాబేలు పిల్లలన్నీ సముద్రం వదిలి ఊరివైపు తిరుగుతాయి. వెల్డింగ్ షాపు వాళ్ల సాయం, ఇద్దరు ఓపికున్న స్నేహితులు, నాలుగు ఆదివారాలు ఉంటే సరిపోతుంది. కంప్యూటరు, సెన్సార్లు, ప్రోగ్రాములు ఏమీ అక్కర్లేదు. అవి పెడితే రెండో రోజే పాడవుతాయి, బాగుచేసేవాడు మూడో వారానికి గానీ రాడు.

తాబేలే ఎందుకు

ఊరి మధ్యలో పెట్టే బొమ్మకు ఆ ఊరివాళ్లకు సంబంధం ఉన్న జంతువునే ఎంచుకోండి. మంచు చిరుత అందంగానే ఉంటుంది, కానీ గుంటూరు బ్రాడీపేటలో కాయగూరలు కొనుక్కునే మనిషి దానికి చేయగలిగిన హానీ లేదు, మేలూ లేదు. ఆలివ్ రిడ్లీ తాబేలు అలా కాదు. గుంటూరు, విజయవాడ జనం ఆదివారం వస్తే కార్లేసుకుని వెళ్లేది సూర్యలంకకే. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 2022 దాకా మన జిల్లానే. రాత్రి ఆ ఇసుక మీద ఫోన్ టార్చి వేసుకుని తిరిగేదీ మనమే, తీరం ముఖంగా ఫ్లడ్‌లైట్లు పెట్టిన గదులకు అద్దె కట్టేదీ మనమే.

బల్ల దగ్గర నిలబడితే ప్రశ్నలు వస్తాయి కాబట్టి సంగతులు ముందే పక్కాగా తెలిసి ఉండాలి. మన తీరంలో ఇవి ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుంట తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి సుమారు 100 నుంచి 120 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి చూడదు. ఇసుక వేడికే 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక మరీ వేడెక్కితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి (ఈ మాట చెప్తే జనం నమ్మరు, నిజమే). ఒడిశాలో గహిర్మాత, రుషికుల్య దగ్గర వేలకు వేలు ఒకేసారి వస్తాయి. మన దగ్గర అలా కాదు, ఇక్కడొకటి అక్కడొకటి వస్తాయి, అందుకే చాలామందికి మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయనే తెలియదు.

పిల్లలు బయటికొచ్చేది కూడా ఎక్కువగా రాత్రే. వాటికి దారి చూపించేది వెలుతురు. ఇక్కడ నేనొక తప్పు చేశాను, మీరు చేయొద్దు. మా మొదటి బోర్డు మీద "చంద్రుణ్ణి చూసి సముద్రంలోకి వెళ్తాయి" అని రాయించాను. కవిత్వంగా ఉందని మురిసిపోయాను కూడా. చదివిన అటవీశాఖ ఉద్యోగి ఒకాయన, చంద్రుడు నడినెత్తిన ఉంటే పిల్ల ఎటు పోవాలండీ అని అడిగాడు. నోరు పెగల్లేదు. అసలు సంగతి ఏమిటంటే, అవి నేలకు దగ్గరగా ఉన్న వెలుగు వైపు వెళ్తాయి. రాత్రి తీరంలో ఒడ్డు మీది సరుగుడు తోట నల్లగా ఉంటుంది, నీళ్లు ఆకాశపు వెలుగుతో లీలగా మెరుస్తాయి. మనం లైటు పెట్టేదాకా కోట్ల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. తెలుపు, నీలం ఛాయల వెలుగు వాటిని ఎక్కువ లాగుతుంది, ఎరుపు, కాషాయం తక్కువ.

ఇంకొకటి, ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. ప్రదర్శనకు బాగుంటుందని ఎండిన గుడ్డు పెంకులు గానీ చిప్ప గానీ తెచ్చి పెట్టకండి, కేసవుతుంది. అన్నీ చెక్కవే.

బల్ల, దాని మీద ఇసుక

ఎనిమిదడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పున్న ప్లైవుడ్ షీటు ఒకటి, 18 మిల్లీమీటర్లది, వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోండి. కింద ఇనుప ఫ్రేము. ఎత్తు 70 సెంటీమీటర్లకు మించితే పిల్లలకు అందదు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు కనపడదు. కాళ్లు మాత్రం గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఎక్కొద్దని ఎంత రాసినా ఎవరో ఒకరు పిల్లాణ్ణి పైన కూర్చోబెట్టి ఫొటో తీస్తారు.

షీటు ఒక చివర సముద్రం. దానికి పాత స్టీలు రేకు ముక్క, కొద్దిగా సొట్టలు పడింది అయితే ఇంకా మంచిది, అలల్లా ఉంటుంది. ఊరు ఎక్కడ పెట్టాలన్నది తర్వాత చెప్తాను, దానికి లెక్క ఉంది.

ఇసుక సముద్రతీరం నుంచి తేవద్దు. అది తీసుకురావడమే తప్పు, పైగా ఉప్పుకు ఇనుమంతా తుప్పు పడుతుంది. ఇల్లు కట్టే చోట అడిగితే రెండు బొచ్చెల ఇసుక ఇస్తారు, దాన్ని పిండి జల్లెడలో జల్లించి, షీటు మీద ఫెవికాల్ దట్టంగా పూసి, పైన చల్లి, ఒకరోజు ఆరాక మిగిలింది దులిపేయండి. అంటే ఇసుక అతుక్కుని ఉండాలి, ఒక్క రేణువు కూడా విడిగా ఉండకూడదు. ఎందుకో కింద చెప్తాను, ఏడుపొచ్చిన సాయంత్రం అది.

నూటపది పిల్లలు

మా బల్ల మీద ఉన్నవి 110. ఒక తల్లి పెట్టే గుడ్లకు సరిసమానం అన్నమాట. పదో ఇరవయ్యో పెడితే చూసేవాడికి మంద అనిపించదు, ముద్దుగా ఉన్నాయి అని వెళ్లిపోతాడు. నూటపది ఒకేసారి తల తిప్పితే మాత్రం ఒక క్షణం అందరూ నోరు మూస్తారు.

నిజమైన పిల్ల పొడవు నాలుగైదు సెంటీమీటర్లే. మనం అంతే చెక్కిస్తే రెండడుగుల దూరం నుంచి నేరేడు గింజల్లా ఉంటాయి, కాబట్టి ఎనిమిది సెంటీమీటర్లు పెట్టుకోండి. విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర దూదిలా తేలిక, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే బరువైన కర్ర అయితే లీవరు లాగడానికి చూడొచ్చిన చిన్నపిల్లలకు బలం చాలదు. ఆ కర్ర రానురాను దొరకడం కష్టమవుతోంది, అందుకని "నూటపది కదా, హోల్‌సేల్ రేటు వేయండి" అని బేరం మాత్రం ఆడకండి. ఒక పిల్లకు నాలుగు తెడ్లు (ఈదే కాళ్లు) విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకాలి, అది ఆరాలి, అప్పుడు రంగు. మా ఖర్చులో సగం పైగా ఇక్కడే అయింది, అలా అవడమే న్యాయం కూడా.

రంగు ఎనామిల్ వేయించండి, లేకపోతే మంచుకే మక్కు మెత్తబడుతుంది. బొగ్గు రంగు, కొంచెం బూడిద కలిసినట్టు. మాకు చేసినాయన మొదట రెండు నమూనాలు ఆకుపచ్చగా, కళ్లకు తెల్ల చుక్కలు పెట్టి, నవ్వుతున్నట్టు చేశాడు. "ఏడుపు మొహంతో బొమ్మ చేస్తే కొనరు సార్" అన్నాడు. కొనేవాళ్లు ఎవరూ లేరు, ఇవి వీధిలో ఉంటాయి అని చెప్తే అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ నవ్వే తాబేళ్లు రెండూ ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన ఉన్నాయి.

పదిహేను ఇరవై ఎక్కువ చేయించి పెట్టుకోండి. తెడ్లు విరుగుతాయి.

బల్ల కింద జరిగే పని

అసలు కష్టమంతా ఇక్కడ, కాబట్టి నిదానంగా చదవండి. పాత బంగళాల్లో రెక్కల కిటికీలు చూసే ఉంటారు, మధ్యలో ఉన్న నిలువు కర్రను కిందికి లాగితే రెక్కలన్నీ ఒకేసారి మూసుకుంటాయి. మనది అదే, పడుకోబెట్టాం అంతే.

సైకిల్ షాపులో పాత స్పోకులు కిలోల లెక్కన దొరుకుతాయి. ఒక్కో స్పోకు ఒక్కో పిల్లకు ఇరుసు. పైకొస పిల్ల పొట్టలోకి వెళ్తుంది. షీటు కిందికి వచ్చాక స్పోకును 90 డిగ్రీలు వంచి, మూడు సెంటీమీటర్లు అడ్డంగా పోనిచ్చి, మళ్లీ కిందికి ఒక సెంటీమీటరు వంచండి. ఇప్పుడు అది చిన్న కొక్కెంలా తయారైంది. ఈ వంపులన్నీ ఒకే కొలతలో రావాలి, చేత్తో వంచితే రావు. ఒక చెక్కముక్కకు మూడు మేకులు కొట్టి, వాటి మధ్య స్పోకు పెట్టి వంచితే అన్నీ కవలల్లా వస్తాయి.

షీటుకు రంధ్రాలు: పొడుగువైపు పదకొండు, వెడల్పువైపు పది. పొడుగున 13 సెంటీమీటర్లకు ఒకటి, వెడల్పున 11 సెంటీమీటర్లకు ఒకటి. స్పోకు నేరుగా చెక్కలో తిరిగితే నెలరోజుల్లో రంధ్రం వదులవుతుంది. అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్లు ముక్కలు కోసి బుష్‌లా దూర్చండి. కొన్ని రీఫిళ్లు బిగుతుగా ఉంటాయి, ఒకటి పెట్టి చూసుకుని ఆ రకమే వాడండి. (నూటపది రీఫిళ్లు ఎక్కడివి అంటారా, ఏదైనా ట్యుటోరియల్‌లో వారం రోజులు ఓ డబ్బా పెట్టండి, నిండుతుంది.)

ఒక వరుసలోని పదకొండు కొక్కేలూ ఒక అల్యూమినియం పట్టీ రంధ్రాల్లోకి వెళ్తాయి. అలాంటి పది పట్టీలను ఒక అడ్డపట్టీకి బిగిస్తే, ఆ అడ్డపట్టీని లాగినప్పుడు నూటపదీ కలిసి తిరుగుతాయి. ఇక్కడ వెల్డింగ్ షాపువాళ్లు తప్పకుండా ఒక "మంచి" పని చేస్తారు: పట్టీ అటూ ఇటూ కదలకుండా గైడ్లు పెడతారు. పెట్టనివ్వకండి. కొక్కెం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి పట్టీ ముందుకు ఐదు సెంటీమీటర్లు పోతూ పోతూ పక్కకు ఒకటిన్నర సెంటీమీటరు కూడా జరుగుతుంది. గైడ్లో బిగిస్తే ఆ ఒకటిన్నరకు చోటుండదు, మొత్తం పట్టేస్తుంది. వదులుగా వేలాడనివ్వండి, చూడ్డానికి నాసిరకంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

తిరిగే కోణం 120 డిగ్రీలకు మించనివ్వొద్దు. సరిగ్గా వెనక్కి, అంటే 180 తిప్పుదామని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ కొక్కెం, పట్టీ ఒకే గీతలోకి వచ్చాయంటే అక్కడ ఇరుక్కుంటాయి, లాగినా రావు. అందుకే ఊరును సముద్రానికి సరిగ్గా ఎదుటి చివర పెట్టలేదు. పొడుగు అంచున, కొంచెం వెనకగా పెట్టాం. నిజంగా తీరంలో కూడా రిసార్టు లైటు పక్కవాటుగానే ఉంటుంది లెండి.

పిల్లల్ని స్పోకులకు అతికించడం చివర్లో చేయండి. ముందు బిగింపులన్నీ పూర్తిచేసి, లీవరును "సముద్రం" స్థితిలో తాడుతో కట్టేసి, అప్పుడు ఒక్కో పిల్లనూ సముద్రం వైపు పెట్టి అరాల్డైట్‌తో అతకండి. ముందే అతికిస్తే ఏ ఒక్కటీ కుదురుగా రాదు. మరీ స్కేలు పెట్టి ఒకే దిక్కుకు అతకొద్దు, పోలీస్ పరేడ్‌లా ఉంటుంది. ఐదు పది డిగ్రీలు అటూ ఇటూ ఉంటేనే ప్రాణం ఉన్నట్టు కనిపిస్తాయి.

లీవరు, లైటు, కొబ్బరిచిప్ప

విజయవాడవాళ్లకు ఆటోనగర్ ఉండగా లోటేముంది. పాత లారీ గేరు రాడ్ ఒకటి పట్టుకోండి, లీవరు అదే. దాని గుండు పిల్లలకు మహా ఇష్టం. మన ఎండకు ఇనుము కాలుతుంది కాబట్టి పట్టుకునే చోట నూలు తాడు చుట్టండి. వెనక్కి తేవడానికి స్ప్రింగు కన్నా సైకిల్ ట్యూబు ముక్క మేలు, విసురుగా కొట్టదు, ఎవరి వేలూ నలగదు. ట్యూబు ఎండకు చీకిపోతుంది, ఇంకోటి జేబులో ఉంచుకోండి.

కరెంటు మాత్రం మెయిన్ లైను వద్దే వద్దు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ, 5 వాట్ల తెల్ల ఎల్ఈడీ. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే సాయంత్రం మొత్తం వెలిగినా ఇంకా మిగులుతుంది. స్విచ్‌కు బైకు వెనక బ్రేకు లైటు స్విచ్ వాడండి, స్ప్రింగుతో లాగితే వెలిగేది. చాలా చవక, పైగా లీవరు కొంచెం కదలగానే ముందు లైటు వెలిగి, ఆ తర్వాత పిల్లలు తిరుగుతాయి. ఆ క్రమం ముఖ్యం. రెండూ ఒకేసారి జరిగితే ఏది దేనివల్లో అర్థం కాదు. దీనికోసం లీవరుకూ అడ్డపట్టీకీ మధ్య గొలుసు కొంచెం వదులుగా ఉంచండి. వైరింగు తెలియకపోతే కోటప్పకొండ ప్రభలకు లైటింగు కట్టేవాళ్లను ఎవరినైనా అడగండి. కదిలే బండి మీద, అంత ఎత్తున, ఊగుతుండగా వేల బల్బులు వెలిగించేవాళ్లకు ఇదొక లెక్క కాదు. మాకు కట్టినతను టీ తాగేలోపు పూర్తిచేసి, "ఒక్క బల్బుకేనా పిలిచింది?" అన్నాడు.

ఊరంటే పెద్దగా ఏమీ కట్టక్కర్లేదు. ఒక స్తంభం, దానికి బల్బు, కింద రెండు అగ్గిపెట్టెలంత ఇళ్లు.

బల్బు పక్కన ఒక కొబ్బరిచిప్ప వేలాడుతుంటుంది. దాన్ని బల్బు మీద బోర్లిస్తే వెలుగు కిందికే పడుతుంది, ఇసుక మీదికి పోదు. చిప్పకు కట్టిన తాడు బల్ల కింద ఒక చీలను లీవరు దారికి అడ్డంగా దింపుతుంది, కాబట్టి లీవరు కొంచెం కదిలి ఆగిపోతుంది. లైటు వెలుగుతుంది, పిల్లలు తిరగవు. ఇది ఎక్కడా రాయలేదు. కనిపెట్టేవాళ్లు కనిపెడతారు, కనిపెట్టినవాళ్లు పక్కవాళ్లకు చెప్పకుండా ఉండలేరు. తీరంలో గెస్ట్‌హౌస్ నడిపేవాళ్లకు చెప్పాల్సింది కూడా ఇంతే కదా, లైటు తీసేయక్కర్లేదు, డొప్ప పెట్టి కిందికి దించితే చాలు, గుడ్లు పెట్టి పిల్లలయ్యే ఆ నెలల్లో కాషాయం బల్బు వేస్తే ఇంకా మంచిది.

ఇసుక పట్టేసిన సాయంత్రం

మొదటిసారి నేను ఇసుక అతికించలేదు. విడి ఇసుక పోశాను, సహజంగా ఉంటుందని. ఓ పార్కు గేటు పక్కన సాయంత్రం ఐదున్నరకు పెట్టాం. ఏడయ్యేసరికి రేణువులు రీఫిళ్లలోకి దిగి, ఊరివైపు అంచున ఉన్న పిల్లలు ఒక్కొక్కటే పట్టేయడం మొదలైంది. లీవరు వదిలితే మిగతావి సముద్రం వైపు తిరుగుతున్నాయి, ఆ చివరివి మాత్రం లైటు ఆరిపోయినా ఊరినే చూస్తూ ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. పక్కన వాళ్ల తాతయ్యతో వచ్చిన ఏడెనిమిదేళ్ల పాప, "ఇవెందుకు తిరగట్లేదు తాతయ్యా?" అంది. ఆయన ఒక నిమిషం చూసి, "అలిసిపోయినయ్ లేమ్మా" అన్నాడు. ఆ పాప చెయ్యి చాపి ఒక్కోదాన్నీ పట్టుకుని, కిర్రుమంటున్నా వదలకుండా, సముద్రం వైపు తిప్పడం మొదలుపెట్టింది.

ఆయన ఊరికే అన్న మాట అక్షరాలా నిజం. దారి తప్పిన పిల్లలు లైటు ఆపగానే వెనక్కి రావు. ఒంట్లో ఉన్న కాస్త శక్తీ అయిపోతుంది, తెల్లారితే ఎండకు ఎండిపోతాయి, ఈలోపు కుక్కలు, కాకులు ఉండనే ఉన్నాయి.

ఇంటికెళ్లి ఇసుకంతా దులిపి అతికించాను గానీ, ఆ ఒక్క వరుసను మాత్రం కావాలనే చెడగొట్టాను. దాని పట్టీలో కొక్కేలు దూర్చలేదు, ఒక్కోదాన్ని ఆరు సెంటీమీటర్ల నైలాన్ చేపదారంతో పట్టీకి కట్టాను. దారం లాగగలదు, నెట్టలేదు. కాబట్టి లీవరు లాగినప్పుడు ఆ పదకొండూ అందరితోపాటు ఊరివైపు తిరుగుతాయి, వదిలినప్పుడు అక్కడే ఉండిపోతాయి. స్పోకు చుట్టూ ఒక రబ్బరు వాషరు పెడితే గాలికి కూడా కదలవు. స్విచ్ వేసినవాడు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పదకొండింటినీ చేత్తో తిప్పాలి. వేయడానికి ఒక్క సెకను, సర్దడానికి అరనిమిషం. మా బల్లలో జనానికి బాగా గుర్తుండిపోయేది అదే.

పర్మిషన్లు

ఇది త్వరగా చెప్పేస్తాను. స్థలం ఎవరిదో ముందు కనుక్కోండి. రోడ్డు, పార్కు కార్పొరేషన్‌వి, విజయవాడలో బందరు కాల్వ, ఏలూరు కాల్వ, రైవస్ కాల్వ గట్లు జలవనరుల శాఖవి. ఒకరి దగ్గర తెచ్చిన కాగితం ఇంకొకరికి చెల్లదు. ఒక్క పేజీలో బొమ్మ గీసి, గుంతలు తవ్వం, 12 వోల్టులే, రాత్రి తొమ్మిదికి తీసేస్తాం అని రాసివ్వండి. తవ్వం అన్న మాట ముందే రాస్తే సగం ప్రశ్నలు రావు. పోలీస్ స్టేషన్లో ఒక కాపీ ఇవ్వండి. అటవీశాఖ వాళ్లకు మీ బోర్డులో రాసింది చూపించండి, నాలాగా చంద్రుడి దగ్గర దొరికిపోకుండా.

పెట్టే వేళ, మాట్లాడే తీరు

జనవరి నుంచి ఏప్రిల్ లోపు, శనివారం సాయంత్రం పెట్టండి. మర్నాడు సూర్యలంక పోయేవాళ్లు ఆ సాయంత్రం ఊళ్లోనే తిరుగుతుంటారు. చీకటి పడుతున్న వేళ అయితేనే లైటు తెలుస్తుంది, మధ్యాహ్నం పెడితే ఎంత కష్టపడినా బొమ్మల బల్లే. వీధిదీపం కింద పెట్టకండి, నవ్వకండి, ఇది చాలామంది చేసే తప్పు.

బోర్డు మీద "స్విచ్ వేయండి" అని రెండే మాటలు, ఆరు అంగుళాల అక్షరాల్లో. ఇంకేమీ వద్దు. మీ వాలంటీర్లకు కూడా ముందు మాట్లాడొద్దని చెప్పండి. చూడొచ్చినవాళ్లు లీవరు లాగాలి, తిరిగిన పిల్లల్ని చూడాలి, "అయ్యో" అనో "ఇదేందబ్బా" అనో అనాలి, అప్పుడు మనం నోరు తెరవాలి. ముందే ఉపన్యాసం మొదలుపెడితే లీవరు లాగి దండం పెట్టి వెళ్లిపోతారు.

"అయితే ఇప్పుడు ఏం చేయమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. దానికి గాల్లో మాటలు చెప్పకండి. రాత్రి తీరంలో టార్చి, ఫ్లాష్ వేయొద్దు, మంటలు వేయొద్దు. పిల్లలు ఆడుకుంటూ తవ్విన గుంతలు పూడ్చి రండి, అందులో పడితే తాబేలు పిల్ల పైకి రాలేదు. తల్లి తాబేలు కనిపిస్తే లైటు ఆపి, దూరంగా, వెనకవైపు కదలకుండా ఉండండి. తాబేలు పిల్లలు కనిపిస్తే బక్కెట్లో వేసుకుని సెల్ఫీలు దిగొద్దు, మీరే పట్టుకెళ్లి నీళ్లలో వేయొద్దు, అటవీశాఖ వాళ్లకు చెప్పండి. కవర్లు వదిలి రావొద్దు, నీళ్లలో అవి జెల్లీచేపల్లా కనిపించి తాబేళ్లు మింగుతాయి.

మత్స్యకారుల మీద తోసేయడానికి కొందరు చూస్తారు, "వలల్లో పడి చస్తున్నాయి కదండీ, మా లైటు ఎంత?" అంటారు. ట్రాల్ వలల్లో ఊపిరాడక చనిపోతున్న మాట నిజమే, తాబేలు తప్పించుకునే కిటికీ లాంటి అమరిక వలకు పెట్టొచ్చు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కూడా ఉంది. అదంతా చెప్పి, మళ్లీ లీవరు వాళ్ల చేతిలోనే పెట్టండి.

ఎంతమంది ఆగారో లెక్క కావాలంటే ఒక గాజు సీసా, ఒక గిన్నెలో చింతగింజలు పెట్టండి. పదకొండింటినీ సర్దినవాళ్లు ఒక గింజ సీసాలో వేస్తారు. పిల్లలు గింజ కోసమే మళ్లీ మళ్లీ వచ్చి సర్దుతారు, లెక్క కొంచెం పెరుగుతుంది, పోనివ్వండి.

ఇంత పని మావల్ల కాదంటే

విజయవాడవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది, ఒక్క రోజు పని. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటి మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది, ఫిషింగ్ క్యాట్ అంటారే, అది. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటి నిండా మచ్చలు, పొట్టి తోక, నీళ్లలోకి దూకి చేపలు పడుతుంది. చిరుత పిల్ల అనుకుని భయపడేవాళ్లు ఉన్నారు. మడ అడవి, చిత్తడి నేల పోయి చెరువులు వస్తున్న కొద్దీ దానికి చోటు తగ్గిపోతోంది.

రంగు వేయని సిమెంటు గోడ ఒకటి చూసుకోండి. పాత ఫ్లెక్సీ మీద పిల్లి ఆకారం కోసి, గోడకు ఆనించి, సిమెంటుకు వేసే రంగులేని వాటర్‌ప్రూఫ్ కోటింగు స్పాంజితో అద్దండి. ఆరాక ఏమీ కనపడదు, ఉత్త గోడే. మగ్గుతో నీళ్లు చల్లితే గోడంతా నల్లబడుతుంది, కోటింగు ఉన్నచోట నీరు పీల్చదు కాబట్టి పిల్లి తెల్లగా బయటికొస్తుంది. మన ఎండకు కొన్ని నిమిషాల్లో నీరు ఆరుతుంది, పిల్లి మాయమవుతుంది. కింద ఓ బక్కెట్టు, ఓ మగ్గు, "నీళ్లు ఉంటేనే ఉంటాను" అని ఓ చిన్న పలక చాలు. ముందు ఏదైనా సిమెంటు పలక మీద వేసి చూసుకోండి, కొన్ని కోటింగులు ఆరాక కూడా మెరుస్తాయి, అవి పనికిరావు. మగ్గుకు గొలుసు వేయండి.

దాచిపెట్టడం

మే వచ్చాక బల్ల ఇంట్లోకి తెచ్చేయండి. ట్యూబు ముక్క విప్పండి, బ్యాటరీ తీసి నెలకోసారి చార్జింగు పెట్టండి, స్పోకులకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేయండి, ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది. విరిగిన తెడ్లు కొండపల్లి పంపించే ముందు ఎన్ని విరిగాయో, ఏ వైపువో రాసి పెట్టుకోండి. మావి ఎప్పుడూ ఊరివైపు వరుసవే విరుగుతాయి, అందరూ వాటినే పట్టుకుంటారు కాబట్టి. ఈసారి ఆ పదకొండింటికీ తెడ్లు కొంచెం మందంగా చెక్కమని చెప్పాను.